అడిగి రాసిన పుస్తకాలు

నవల వస్తే సమీక్ష రాస్తాం. కవితా సంపుటి అయితే ముందుమాటలే నాలుగు ఉంటాయి. నిఘంటువు వస్తే మాత్రం ఆవిష్కరణ సభ జరిపి, శాలువా కప్పి, ఇంటికొచ్చేస్తాం. ఆ తర్వాత దాని గురించి ఎవరూ నోరెత్తరు. ఒక్కసారి చదివి పక్కన పడేసిన పుస్తకం మీద గంటసేపు మాట్లాడగలం కానీ, ఇరవై ఏళ్ళుగా అట్ట ఊడేదాకా తిరగేసిన పుస్తకాన్ని ఎలా చేశారో అడగం. పనికొచ్చే పుస్తకాల మీద పాఠకుడి అభిప్రాయం అచ్చులో దొరకదు. అరువిచ్చిన వాడు తిరిగి అడిగే తొందరలోనే అది బయటపడుతుంది.

నేను చోడవరం వైపు మనిషిని. శారద, పెద్దేరు, బొడ్డేరు నీళ్ళతో పండే పల్లెలు మావి. గోవాడలో సహకార చక్కెర కర్మాగారం, అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు, ఆ ఊళ్ళోనే 1913లో మొదలైన చెరకు పరిశోధన స్థానం. అందుకని ఎంత పెద్ద నిఘంటువు చేతికొచ్చినా ముందు దాన్ని చెరకు తోటలోకీ, బెల్లం పెనం దగ్గరికీ నడిపించి చూస్తాను. ముచ్చె, పిప్పి, మడ్డి, పాకం, దిమ్మ. ఈ మాటల దగ్గర అది ఏం చెబుతుందో, ఎక్కడ తడబడుతుందో చూస్తే దాన్ని చేసినవాళ్ళు ఎవరిని అడిగి రాశారో తెలిసిపోతుంది.

ముందు శబ్దరత్నాకరం. బహుజనపల్లి సీతారామాచార్యులు గారు కూర్చగా 1885లో వెలువడింది. సంఘమూ సంస్థా లేకుండా ఒక్క మనిషి చేతిమీదుగా నడిచిన పని. ఇందులో నన్ను కట్టిపడేసేది పొదుపు. మాట పక్కన 'దే. వి.' అనో 'సం. వి.' అనో రెండు పొడి అక్షరాలుంటాయి. ఆ మాట దేశ్యమో సంస్కృతమో, విశేష్యమో కాదో అంతటితో తేలిపోతుంది. పేరా అవసరమైన చోట రెండక్షరాలతో సరిపెట్టడానికి ఆ పేరా అంతా ముందు మనసులో రాసుకుని ఉండాలి. అర్థం చెప్పేటప్పుడూ అంతే, ఊకదంపుడు లేదు. అయితే దీని పొలం కావ్యాలు. రైతు నోట్లో ఉన్న మాట కవి నోట్లోకి వెళితేనే దానికి ఇందులో టిక్కెట్టు. కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారి సూర్యరాయాంధ్ర నిఘంటువు, 1936లో తొలి సంపుటం వచ్చినది, ఇంకా పెద్ద భవనం, ప్రయోగాలతో సహా. కానీ దాని ద్వారబంధమూ అదే. పద్యానికి అర్థం కావాలంటే ఈ రెండిటికీ దండం పెట్టాల్సిందే. పెనం దగ్గర నిలబడ్డవాడికి మాత్రం ఇవి అంతగా అందవు.

బ్రౌన్ దగ్గరికొస్తే గాలి మారుతుంది. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, కడప, బందరు, రాజమండ్రి కచేరీల్లో పనిచేసిన కంపెనీ ఉద్యోగి. కడపలో సొంత ఖర్చుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చుకు వచ్చింది. చెవి ఉన్న మనిషి చేసిన పుస్తకం ఇది. పద్యంలో మాట ఎలా నిలబడిందో చూపిస్తాడు, ఆ పక్కనే బజారులో అదే మాట ఎలా నడుస్తుందో చిన్న వాక్యంతో చూపిస్తాడు. గ్రామ్యమని గెంటెయ్యడు. పరాయివాడు కాబట్టి ఏది మర్యాద, ఏది కాదు అన్న మన భయం ఆయనకు లేదు, అదే కలిసొచ్చింది. పరాయివాడు కాబట్టే కొన్నిచోట్ల తీర్పులు కూడా ఇచ్చేస్తాడు, మన ఆచారాల మీద ఓ విసురు విసురుతాడు. ఆ వాక్యాల దగ్గర నవ్వుకుని ముందుకెళ్ళడమే. 1903లో వెంకటరత్నం, కాంబెల్, కందుకూరి వీరేశలింగం గార్లు దీన్ని సవరించి మళ్ళీ తెచ్చారు. ఇప్పుడు మన చేతుల్లో తిరిగేది ఎక్కువగా ఆ కూర్పే.

బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు కూడా ఒకటి చేశాడు, 1854లో. కచేరీల్లో పాతుకుపోయిన అరబ్బీ, పారసీ, హిందుస్తానీ మాటలకోసం. విశాఖ జిల్లాలో ఎక్కువ భాగం జమీందారీలు నడిచిన నేల. మా పెద్దల పెట్టెల్లో కాగితాలు తీస్తే జిరాయితీ, ఇనాము, తకరారు, దాఖలా వంటి మాటలు కుప్పలుగా ఉంటాయి. భూమి తగాదా ఉన్న ఇంట్లో నవలకంటే ఇలాంటి పుస్తకానికి విలువెక్కువ. నేను చూసినంతలో దీన్ని శ్రద్ధగా తిరగేసేది సాహిత్యాభిమానులకంటే ప్లీడరు గుమస్తాలే.

ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం, మాండలిక వృత్తి పదకోశం. మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి, ప్రచురణ 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి. కృష్ణమూర్తి గారు ఒంగోలులో పుట్టి, వాల్తేరులో పాఠాలు చెప్పి, అమెరికాలో పెన్సిల్వేనియాలో డాక్టరేటు చేసి వచ్చినవారు. తెలుగు ధాతువుల మీద ఆయన గ్రంథం 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వేసింది. అంత పేరొచ్చిన మనిషి దేశం తిరిగొచ్చి తలకెత్తుకున్న పని ఏమిటంటే, రైతు మేడిని ఏమంటాడు, కాడిని ఏమంటాడు, నొగను ఏమంటాడు అని ఊరూరా కనుక్కోవడం.

ఇది వినడానికి తేలికగా ఉంటుంది. కూర్చుని ఆలోచిస్తే ఎంత కత్తిమీద సామో తెలుస్తుంది. కళ్ళజోడూ కాగితమూ పట్టుకుని పట్నం మనిషి వచ్చి "దీన్ని కర్రు అంటారా?" అని అడిగాడనుకోండి, మా రైతు "అవును బాబూ, కర్రే" అంటాడు. తన ఇంట్లో దాన్ని వేరే పేరుతో పిలుస్తున్నా అంతే అంటాడు. ఎదురు చెప్పడం మర్యాద కాదు కదా. పేరు మనం అందించకూడదు, వస్తువు చూపించాలి, పని చూపించాలి, ఆయనచేత అనిపించాలి. అన్నమాటను మనకు తెలిసిన స్పెల్లింగులోకి దిద్దెయ్యకుండా విన్నది విన్నట్టు రాసుకోవాలి. రాసుకున్నాక ఏ జిల్లాలో దొరికిందో దాని పక్కనే నమోదు చెయ్యాలి. ఒక్క మాటకే ఇంత ఉంటే, దుక్కి దగ్గర్నుంచి కళ్ళం దాకా ఎన్ని పనిముట్లు, ఎన్ని పనులు!

ఈ పుస్తకం పనితనం రెండు నిర్ణయాల్లో ఉంది. మొదటిది, సాక్ష్యం పుస్తకంలో కాక పనిచేసే మనిషి దగ్గర వెతకడం. శబ్దరత్నాకరానికి కవి ఎలాగో దీనికి రైతు అలాగ, ప్రామాణికుడు. రెండోది ఇంకా సాహసం, ఏ మాటనూ పీట మీద కూర్చోబెట్టకపోవడం. వరి నాటడాన్ని మా వైపు ఉభాలు అంటాం, గోదావరి కృష్ణల వైపు ఊడ్పులంటారు, తెలంగాణలో నాట్లంటారు. నారు పోసే మడి ఒకచోట ఆకుమడి, మరోచోట నారుమడి. కోస్తాలో నాగలి అయినది రాయలసీమలో మడక. చెరకు నరికాక దుబ్బు నుంచి లేచే తోటను కార్శి అనేవాళ్ళున్నారు, మొడెం అనేవాళ్ళున్నారు, పిలక తోట అనేవాళ్ళున్నారు. మామూలు నిఘంటువైతే వీటిలో ఒకదాన్ని ఎత్తి చూపి మిగతావాటికి 'చూ.' అని వేలు చూపిస్తుంది. అలా వేలు చూపించుకున్న మాట బతికినన్నాళ్ళూ రెండో తరగతి పౌరుడే. జిల్లా పేరుతో పదాన్ని నిలబెట్టే పద్ధతిలో ఆ అవమానం లేదు. నా మాట తప్పు కాదు, అది నా జిల్లా మాట. బడిలో మా భాషకు ఎప్పుడూ ఎర్రసిరా పడుతూ వచ్చిన ఉత్తరాంధ్ర మనిషిగా ఈ సంగతి నేను కొంచెం ఆవేశంగానే చెబుతున్నాను, పాఠకులు సర్దుకుపోవాలి.

ఇలా జిల్లాల వారీగా పదాలు పేర్చుకుంటూ పోతే తెలుగునేల నాలుగు మాండలిక ప్రాంతాలుగా విడివడి కనిపించింది. శ్రీకాకుళం, విశాఖపట్నాలు ఉత్తరం, మధ్య కోస్తా ఒకటి, రాయలసీమ నెల్లూరు కలిసి దక్షిణం, తెలంగాణ ఒకటి. ఇప్పుడు ఏ భాషా వ్యాసంలో చూసినా ఉండే ఈ విభజనకు పునాది వ్యవసాయ పనిముట్ల పేర్లలో పడిందన్న సంగతి చాలామందికి తెలియదు. తర్వాత చేనేత మీద సంపుటం 1971లో వచ్చింది. ఇల్లు కట్టే పనుల మాటల్ని బూదరాజు రాధాకృష్ణ గారు వాస్తు పదకోశంగా కూర్చారు. 1983లో సాహిత్య అకాడమి రద్దయినా ఈ వృత్తి పదాల పని మాత్రం వేరే సంస్థల చేతుల్లో సాగింది.

లోపాలు చెప్పకపోతే అది పరిచయం కాదు, పొగడ్త. వినికిడి ప్రకారం రాసిన మాటను వెతకడం కష్టం. ఏ అక్షరం కింద ఉందో ఊహించుకోవాలి, మన నాలుక మీద మాట ఎలా పలుకుతుందో మనమే విని చూసుకోవాలి. ఇది పండితుల బల్లకోసం చేసిన పుస్తకం. పదాన్నిచ్చిన రైతు చేతికి తిరిగి ఎలా చేరాలన్న ఆలోచన దీన్ని వేసినవారికి ఉన్నట్టు లేదు. ఇంకొకటి, అరవై ఏళ్ళు దాటాయి. ఎద్దులు తిప్పిన గానుగ ఇంజను క్రషరైంది, దుక్కి ట్రాక్టరుదైంది, మా వైపు చెరకు సాగే తగ్గుతోంది. ఆ సంపుటంలో మాటలు చాలా వాటికి ఇప్పుడు చూపించడానికి వస్తువు లేదు.

ఇలా అడిగి రాసే పనికి మన ఉత్తరాంధ్రలో అంతకంటే పాత తాత ఒకరున్నారు, గిడుగు రామమూర్తి గారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. లిపి లేని భాషను పలుకు తప్పకుండా కాగితం మీదికెక్కించారు. వాడుక భాషకోసం ఆయన చేసిన తగువులు అందరికీ తెలుసు. సవర నిఘంటువు పేజీ తిప్పినవాళ్ళు ఎందరు? నా దృష్టిలో ఆయన ఉపన్యాసాలన్నిటికంటే గట్టి వాదన ఆ నిఘంటువే.

చోడవరంలో నిజంగా రైతుల ఇళ్ళలో ఉండే పుస్తకం గురించి కూడా చెప్పాలి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా తెచ్చే వ్యవసాయ పంచాంగం. సాహిత్యం వాళ్ళు దీన్ని పుస్తకంగానే లెక్కించరు. ఏ పంటకు ఏ రకం, ఎప్పుడు వెయ్యాలి, ఎంత విత్తనం, ఏ తెగులుకు ఏ మందు అన్నీ వరుసలో ఉంటాయి. చెరకు తీసుకోండి. ఎకరాకు మూడు కళ్ళ ముచ్చెలు 16,000 కావాలన్నది పరిశోధన స్థానాలు రైతుకు చెప్పే లెక్క. ఒక్క అంకె, ఒక్క కొలత. దాని వెనక ఎన్ని మళ్ళలో ఎన్నేళ్ళు నాటి చూశారో రైతుకు అక్కర్లేదు, పుస్తకం చెప్పదు కూడా. వందపేజీల పరిశోధనను ఒక్క వాక్యానికి దించడం కవిత్వంకంటే తేలికేమీ కాదు. నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇలాంటి పుస్తకాల భాష అక్కడక్కడా ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినట్టుంటుంది. బెల్లం వండే మా మనిషి పాకం బొట్టును చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ కట్టి, దించాలో వద్దో తేలుస్తాడు. శాస్త్రం దాన్నే సుమారు 118 డిగ్రీల సెల్సియస్ అంటుంది. ఈ రెండూ పక్కపక్కన అచ్చయితే శాస్త్రవేత్తకూ లాభమే, వంటవాడికీ లాభమే.

గెజిటీర్ల సంగతి రెండు ముక్కల్లో. విశాఖ జిల్లాకు కార్మైకేల్ మాన్యువల్ 1869ది, ఫ్రాన్సిస్ గెజిటీరు 1907ది. వానల నుంచి శిస్తుదాకా అధ్యాయాలు వేసి, చివర తాలూకాల వారీగా ఊళ్ళను పరిచయం చేసే ఫ్రాన్సిస్ పద్ధతి చక్కనిది, అతని ఇంగ్లీషు బిగువైనది. కానీ చూపు కలెక్టరు గుర్రం మీది చూపు. ఊరి గురించి ఊరివాణ్ణి కాదు, ఆఫీసు రికార్డును అడిగింది. 2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖ జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది కాబట్టి, పాత పుస్తకంలో మా ఊరు వెతికేవాళ్ళు ఇప్పటికీ విశాఖపట్నం అట్టే తెరవాలి.

ఏది కొనాలని అడిగేవాళ్ళకు నా తీర్పు ఇది. ఇంట్లో ఒక్క నిఘంటువుకే చోటుంటే బ్రౌన్ కొనండి. పద్యాలు చదివే అలవాటుంటే పక్కన శబ్దరత్నాకరం పెట్టుకోండి. పుస్తకం కొనలేనివాళ్ళకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో పాత నిఘంటువులు చాలా ఒకేచోట వెతుక్కునే వీలుంది, డబ్బు కట్టక్కర్లేదు. వృత్తి పదకోశం సంపుటాలు ఎక్కడైనా పాత పుస్తకాల దుకాణంలో కనిపిస్తే బేరమాడకుండా తీసుకోండి. దొరక్కపోతే మీ శాఖా గ్రంథాలయంలో తెప్పించమని రాసివ్వండి. చోడవరం, మాడుగుల, బుచ్చెయ్యపేట, రావికమతం వైపు ఇంకా బెల్లం పొయ్యి వెలిగిస్తున్న ఇళ్ళున్నవాళ్ళకు ఇంకో పని ఉంది. పెనం కడిగే దగ్గర్నుంచి దిమ్మ కట్టేదాకా మీవాళ్ళు వాడే ప్రతి మాటా, మీరు అందించకుండా వాళ్ళచేత అనిపించి, ఊరు పేరుతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి.