నక్కకు ఎవరు పెట్టిన పేరు?

వేట కథలను పిల్లలకు సాహసగాథలుగా చెప్పి చేతులు దులుపుకున్న ఉపాధ్యాయుల్లో నేనూ ఒకణ్ణి. సింహం ఎదురుపడితే వేటగాడి పక్షాన నిలబడటం తేలిక. ఆఫ్రికా పొదల్లో చిన్న మాంసాహారుల వేటలో ఆ సాహసం లేదు. నల్లవీపు నక్క, కారకాల్ అనే అడవిపిల్లి. వాటికి స్ట్రిక్నిన్ విషం, ఇనుప ఉచ్చు, వేటకుక్కలు, చంపినవాడికి సర్కారు బహుమతి. అంతే.

కేప్ వలసలో ఉన్ని గొర్రెలు పెంచే తెల్ల భూస్వాములు 19వ శతాబ్దం చివర విషం పెట్టడానికి క్లబ్బులే ఏర్పరచుకున్నారు. చరిత్రకారుడు విలియం బైనార్ట్ 1998లో ఈ సంగతిపై మంచి వ్యాసం రాశాడు. నక్క దూరలేని తీగకంచె వచ్చాక మందను రాత్రి దొడ్డికి తోలే పని తప్పింది. దానితో కాపరి అవసరమూ తగ్గింది. నక్క మీది యుద్ధం కూలివాడి పొట్టనూ తాకిందన్నమాట. గొర్రెపిల్ల పోతే నష్టం నిజమే, కాదనను. కాని ఒక నక్కల జంటను చంపితే ఆ జాగాలోకి మరో జంట వస్తుంది. ఈ సంగతి విషం మూటలు కట్టినవాళ్ళకు పట్టలేదు.

ఇక సాహిత్యం మాట. 1864లో విల్హెల్మ్ బ్లీక్ అక్కడి నల్లవారి కథలను అచ్చువేశాడు. వాటిలో నక్క సింహాన్నే మోసం చేస్తుంది. ఆ పుస్తకానికి ఆయన పెట్టిన పేరులో కథానాయకుడు ‘రెనార్డ్’. అది మధ్యయుగపు ఐరోపా కథల్లోని గుంటనక్క. మన కరటక దమనకులను ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ అరువు పేరు అక్కర్లేదు. అసలు నక్కే మనకు చుట్టం. పేరులో ఏముందని మిత్రులంటారు. పొలంలో విషం పెట్టి చంపుతున్న జంతువుకు పుస్తకంలో దొరగారి పేరు తగిలిస్తే, పాఠకుడు ఆ రెంటినీ ఒకటిగా చూడడు. ఉన్నదంతా అందులోనే. బ్లీక్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన అచ్చువేయకపోతే ఆ కథల్లో ఎన్ని మిగిలేవో!

అయితే కథ చెప్పినవాడు ఎక్కడ కూర్చుని చెప్పాడు? ఈ ప్రశ్న వేయకుండా జానపద సంకలనాన్ని మెచ్చుకునే విమర్శ నాకు రుచించదు. మన సేకర్తలనూ ఇదే అడగాలి. 1774లో వలస కమాండోలు సాన్ ప్రజలనే మృగాల్లా వేటాడి వందలమందిని చంపారు. దాదాపు వందేళ్ళ తరువాత బ్లీక్‌కు కథలు చెప్పిన కాబో అనే సాన్ వృద్ధుడు కేప్‌టౌన్ జైలు ఖైదీ. నేరం, పశువుల దొంగతనం. నక్క మీద మోపిన నేరమే. 1871లో బ్లీక్ ఇంటికి వచ్చి, 1873 దాకా అక్కడే ఉండి, కథలు చెబుతూ పోయాడు. సొంత ఊరి మీద బెంగ ఉన్నా అంతకాలం ఉండిపోవడానికి ఒక కారణం, తనకో తుపాకీ ఇస్తారన్న ఆశ. ముసలితనంలో వేటాడి కడుపు నింపుకోవడానికి.