కంచ అంటే ఖాళీ జాగా కాదు

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టకుండా సుప్రీంకోర్టు ఆపింది. ఐటీకి పనికొచ్చే ప్రభుత్వ ఆస్తి అని ఒకరన్నారు, అడవి అని ఇంకొకరన్నారు. నరికివేత ఆగడం మంచిదే. అయితే ఆ ఊరి పేరు మొదట్లోనే ఉన్న 'కంచ' మాటను ఎవరు చదివారని మేం అడుగుతున్నాం. కంచ అంటే పశువుల మేతకు విడిచిన జాగా. అటు ఆస్తి, ఇటు అడవి. ఈ రెండు మాటల నడుమ మేసే జీవమూ లేదు, మేపే మనిషీ లేడు.

ఈ మాయం ఇవాల్టిది కాదు. శిస్తు రాని నేలను వలస పాలన 'వేస్ట్' అని రాసుకుంది. 1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి బోర్డు పెట్టినప్పుడూ ఆ మాటే నిలిచింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే వేస్ట్‌ల్యాండ్స్ అట్లాసులో పొదల నేలలూ, చెడిన పచ్చిక బయళ్ళూ ఆ లెక్కలోనే పడతాయి. ఎవరికి వేస్టు? కోతలయ్యాక కురుమలు చేన్లల్ల మంద పెడితే రైతుకు ఎరువు, కాపరికి గింజలో పైసలో. దక్కని గొర్రె బొచ్చు గొంగడి అయింది. మేకతోలు మాదిగ చేతిలో డప్పు అయింది. కూలికి పోయే దళితుల ఇంట్లో రెండు మేకలుంటే అవీ ఆ 'వేస్టు' మీదనే బతుకుతాయి. ఇంత ఉత్పత్తి ఉన్న నేలను ఖాళీగా చూపించేది కులపు చూపే. విశ్వవిద్యాలయం బీరప్ప కథను జానపదమని భద్రపరుస్తుంది. ఏ వానకు ఏ గడ్డి మొలుస్తుందో ఎరిగిన కాపరి తెలివిని మాత్రం శాస్త్రమనదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం తెచ్చింది. గొర్లొచ్చినయ్, సరే. మేసేదెక్కడ?

దళితులకు చిక్కు ఇక్కడే ఉంది. 1973 సీలింగ్ చట్టం కింద దొరల మిగులు భూమి పంచాల్సింది పోయి, మేతకు విడిచిన రాళ్ళ నేలలో పట్టాలిచ్చి చేతులు దులుపుకున్న ఊళ్ళున్నాయి. పట్టా మాదిగది, మంద కురుమది, కొట్లాట వాళ్ళిద్దరిదీ. దొర చెల్క మాత్రం చెక్కుచెదరదు. దళితులు భూమి అడగడం మానాలని మేం అనడం లేదు. సాగుభూమి ఆ మిగులులోంచి రావాలి. మేతభూమి ఊరుమ్మడిగా ఉండాలి, దాని పెత్తనంలో వాడకూ వాటా ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును గుర్తించింది. అడవి బయటి కంచకు ఆ పాటి రక్షణ ఏది?

ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక మైదానాల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ పేరుతో పెట్టే సభల్లో గొంగడి కప్పి సన్మానం చేసే ముందు, పాత పహాణీలో కంచ, గైరాన్ ఎన్ని ఎకరాలుండెనో, ఎంత మిగిలిందో ఊరి ముందర చదివి వినిపించాలె.