షావుకారు వడ్డీ, బ్లూమ్ మెట్లు

ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే పనిలో నన్ను అందరూ అడిగేది ఒకటే: "వీడియో ఎన్ని నిమిషాలుండాలి?" చివర్లో ఏం అడగబోతున్నారో చెబితే తప్ప నిమిషాల లెక్క తేలదంటాను. ఈ జవాబు చాలామందికి నచ్చదు. స్టూడియో బుక్ అయిపోయింది, ప్రశ్నలదేముంది, ఆఖర్న ఓ ఐదు పెట్టేద్దాం అంటారు. ఆ ఐదూ ఎలా ఉంటాయో మీకూ తెలుసు. వీడియోలో విన్న వాక్యంలోంచే ఒక మాట తీసేసి ఖాళీ వదులుతారు.

నిజానికి నేర్చుకోవడాన్ని మెట్లుగా విడగొట్టే బ్లూమ్ వర్గీకరణ పుట్టింది ప్రశ్నల కోసమే. బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు అమెరికా విశ్వవిద్యాలయాల్లో పరీక్షల పని చూసేవాళ్లు. ఒకరు రాసిన ప్రశ్న మరొకరు వాడుకోవాలంటే అది ఏ స్థాయిదో చెప్పుకునే ఉమ్మడి పద్ధతి కావాలి. 1956లో వచ్చిన పుస్తకం ఆ అవసరంలోంచే వచ్చింది. శిక్షణ తరగతుల్లో చూపించే రంగురంగుల పిరమిడ్ అందులో లేదు. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ ఆ వర్గీకరణని సవరించి గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృష్టించడం అన్నారు. మన ఇంజినీరింగ్ ప్రశ్నపత్రాల్లో ప్రశ్న పక్కన గడిలో కనిపించే ఎల్1, ఎల్2లు ఇవే. "విశ్లేషించుము" అని ఉంటే చాలు, పెద్ద అంకె పడిపోతుంది. నోట్సులో ఉన్న విశ్లేషణనే మళ్లీ రాయమంటే అది బట్టీయే కదా!

వడ్డీ లెక్కల పాఠమే తీసుకోండి. సూత్రం అడిగితే మొదటి మెట్టు. అసలు, రేటు, కాలం ఇచ్చి వడ్డీ కట్టమంటే మూడో మెట్టు. ఇప్పుడు ఇలా అడుగుదాం: ఏడాదికి 50,000 రూపాయల అప్పు కావాలి. బ్యాంకు 14 శాతం అంటోంది, షావుకారు నూటికి రూపాయిన్నర అంటున్నాడు. ఎవరి దగ్గర ఎంత ఆదా? రూపాయిన్నర నెలకి. అంటే ఏడాదికి 18 శాతం. షావుకారుకి 9,000, బ్యాంకుకి 7,000. బ్యాంకు దగ్గర 2,000 మిగులుతుంది. రూపాయిన్నరని ఏడాది రేటు అనుకున్నవాళ్లు 750 దగ్గరే ఆగి, షావుకారు దగ్గర 6,250 ఆదా అంటారు. ఆ అంకె ఆప్షన్లలో ఉండితీరాలి. అది నొక్కినవాళ్లకి "తప్పు" అని ఎర్రగా చూపించి ఊరుకోకుండా, నెల వడ్డీ గురించిన చిన్న ముక్క వినిపించాలి. ఇక్కడ వీడియో నలభై సెకన్లు చాలు.

ఇంకో మెలిక. బ్యాంకు ఫీజు 1,500. డబ్బు కావాల్సింది మూడు నెలలకే. బ్యాంకుకి వడ్డీ 1,750, ఫీజుతో 3,250, షావుకారుకి 2,250. జవాబు తారుమారైంది! వాయిదా దాటితే ఎవరు ఎలా ప్రవర్తిస్తారన్నది ఈ లెక్కలో లేదు, దాన్ని కూడా తూచి చెప్పమంటే అది అయిదో మెట్టు. ఆప్షన్ల ప్రశ్నతో బట్టీ తప్ప మరేదీ పరీక్షించలేమనే మాట నేను ఒప్పుకోను. అయితే ఈ అయిదో మెట్టుకి మాత్రం నాలుగు వాక్యాలు రాయించాలి, వాటిని మనిషే చదవాలి. ఖర్చంతా అక్కడే.

ఏ మెట్టుకి ఏ యాప్ వాడాలో చూపించే పోస్టర్లంటే నాకు చిరాకు. పుస్తకంలో బొమ్మని యాప్‌లో మళ్లీ గీయిస్తే "సృష్టించడం" అయిపోదు.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం' కోర్సుల్లో వీడియో, చదువుకునే సామగ్రి, చర్చా వేదిక, స్వీయ మూల్యాంకనం అని నాలుగు భాగాలుంటాయి. మీరు కోర్సు చేయబోతుంటే నాలుగోదానితో మొదలుపెట్టండి. ప్రశ్నలు రాసి, పాఠం తెలియని ఇద్దరికి ఇచ్చి, వాళ్లు ఎక్కడ తప్పుతున్నారో చూశాకే కెమెరా ఆన్ చేయండి.