జిగటలోని పనితనం

కర్నూలు చేపల మార్కెట్లో బతికున్న బంగారు తీగ చేపను పట్టుకోబోతే చేతిలోంచి జారిపోతుంది. కొనేవాళ్లకు ఆ జిగట చిరాకు. ఉప్పో, బూడిదో వేసి బండ మీద రుద్ది వదిలిస్తే గానీ కూర మొదలు కాదు. అలా మనం కడిగి పారబోసేది ఆ చేపకు వైరస్‌ల మీద మొదటి కాపలా.

పొలుసులు చూసి చేప ఒళ్లంతా కడప బండలు పరిచినట్టు ఉంటుందనుకుంటాం. నిజానికి పొలుసుల మీద పలచటి చర్మం ఉంటుంది. మన చర్మం పైపొరలో ఉండేవి చచ్చిన కణాలు. చేపకు ఆ చివరి పొర కూడా బతికే ఉంటుంది, నిత్యం జిగట ఊరుస్తూ ఉంటుంది. తేలుతూ వచ్చిన వైరస్ అందులో చిక్కుకుంటుంది, పాత జిగట నీళ్లలో కలిసిపోతూ దాన్నీ వెంట తీసుకుపోతుంది. ఆ జిగటలోనే చర్మానికి, మొప్పలకు, పేగుకు కాపలా కాసే ఒక ప్రత్యేక యాంటీబాడీ ఉంది. పేరు ఐజీటీ. శాస్త్రవేత్తలు దాన్ని 2005లో గానీ గుర్తించలేదు.

ఇంత కాపలా ఎందుకంటే, సుంకేసుల దగ్గర కె.సి. కాలువకు గేట్లు దించొచ్చు గానీ చేప మొప్పలకు గేట్లు లేవు. ఊపిరి ఆడాలంటే ఆ నీళ్లు లోపలికి రావాల్సిందే, వాటితో వైరస్ కూడా.

అది కణంలోకి దూరిందనుకుందాం. చాలా వైరస్‌లు తమ నకళ్లు తీసుకునేటప్పుడు జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో అంత పొడుగు జంట పోగు ఉండదు. మాధవరం మగ్గం మీద పరాయి పోగు పడితే నేతగాడి కన్ను పట్టేసినట్టు, కణానికి కాపలా ఉండే ప్రోటీన్లు దాన్ని పట్టేస్తాయి. వాటిలో టీఎల్‌ఆర్-22 అనేది చేపలకుంది, మనకు లేదు. పోగు దొరకగానే ఆ కణం ఇంటర్‌ఫెరాన్ వదులుతుంది. అది ఊళ్లో దండోరా లాంటిది. విన్న పక్క కణాలు ప్రోటీన్ల తయారీ తగ్గించుకుని, వైరస్‌ను అడ్డుకునే సరుకు సిద్ధం చేసుకుంటాయి. వైరస్ వచ్చేసరికి దానికి అక్కడ పని సాగదు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది చేపకు వచ్చే జ్వరం. దానిది చల్లని రక్తం, ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. అందుకని వేడి ఉన్న చోటికి పోతుంది! బెల్జియంలో లీజ్ విశ్వవిద్యాలయం పరిశోధకుల బృందం 2017లో దీని మీద ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. మన చెరువుల్లో పెంచే బంగారు తీగ జాతికే హెర్పిస్ వైరస్ ఎక్కించి, 24, 28, 32 డిగ్రీల గదులున్న తొట్టిలో వదిలారు. జబ్బు చేసిన చేపలు వెచ్చటి గదికి చేరి బతికాయి. 24 డిగ్రీల దగ్గరే ఆపేసినవాటిలో చాలా చచ్చిపోయాయి. వైరస్ తక్కువది కాదు. జ్వరం తెప్పించే సంకేతాన్ని మధ్యలోనే పట్టేసే ప్రోటీన్ వదిలి, చేప కదలకుండా కొన్నాళ్లు జాప్యం చేస్తుంది. ఎత్తుకు పైఎత్తు.

అలాగని రాయలసీమ ఎండే అన్ని వైరస్‌లకూ మందు అనుకోకూడదు. 2014లో ఇజ్రాయెల్‌లో బయటపడి, 2018 నాటికి మన దేశంలోనూ కనిపించిన తిలాపియా లేక్ వైరస్ వెచ్చటి నీళ్లలోనే విజృంభిస్తుంది. పైగా ఎండాకాలం చెరువు ఇంకిపోయేకొద్దీ నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి, జిగట చెదురుతుంది, వైరస్‌కు దారి దొరుకుతుంది.

చేప తన పని తాను చక్కగానే చేసుకుంటుంది. దానికి కావాల్సింది చోటు. ఒకచోట వెచ్చగా, ఒకచోట చల్లగా ఉండే నీళ్లుంటే తనకు నప్పింది అదే వెతుక్కుంటుంది. మైలవరం, బ్రహ్మంసాగర్ లాంటి జలాశయాల్లో ఆ లోతు ఉంది. ఊరి చెరువులో మనమే ఉంచాలి. చేపలు పెంచే రైతులకు నా మనవి ఇంతే: చెరువులో ఒక మూల లోతైన మడుగు మిగల్చండి, పట్టినన్ని పిల్లలు కుక్కకండి, పిల్లల్ని పట్టే ముందు చెయ్యి తడుపుకోండి. పొడి చెయ్యి తగిలితే జిగట ఊడి వస్తుంది.