తాడుకు ఈ కొస

సంక్రాంతి నెలలో కృష్ణగిరి వైపు పల్లెల్లోకి గంగిరెద్దు వచ్చిందంటే ఇప్పటికీ పిల్లలు వెంటపడతారు. ముందు సన్నాయి, డోలు వినిపిస్తాయి. తర్వాత రంగురంగుల బొంతలు కప్పుకుని, మెడలో గంటలతో బసవన్న వస్తాడు. "ఈ తల్లి చేయి పెద్దదేనా బసవన్నా?" అంటే తల ఊపుతాడు. "ఒట్టి చేతులతో పంపుతుందా?" అంటే అడ్డంగా తిప్పుతాడు. చిన్నప్పుడు నేను ఎద్దు ముఖమే చూసేదాన్ని. ఈమధ్య ఆడించే ఆయన చేతిని చూశాను. తాడు వదులుగానే ఉంది. ప్రశ్న చివర గొంతు కాస్త లేచింది, బొటనవేలు తాడు మీద గింజంత కదిలింది. తల ఊగింది.

నూట ఇరవై ఏళ్ల కిందట బెర్లిన్‌లో ఇలాగే జనాన్ని ఆశ్చర్యపరిచిన గుర్రం పేరు హాన్స్. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ పంతులుగా పనిచేసినవాడు, దానికి శ్రద్ధగా లెక్కలు నేర్పాడు. రెండూ మూడూ ఎంతంటే డెక్కతో ఐదుసార్లు తట్టేది. 1904లో మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ స్టంఫ్ నాయకత్వంలో ఒక కమిటీ వచ్చి చూసి, ఇందులో మోసం లేదంది. నిజంగానే లేదు. వేరేవాళ్లు అడిగినా గుర్రం జవాబు చెప్పేది. అప్పుడు స్టంఫ్ శిష్యుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ చిన్న మార్పు చేశాడు. జవాబు తెలియని మనిషి చేత ప్రశ్న అడిగించాడు. హాన్స్ తడబడింది. అడిగే మనిషి కనబడకుండా చేసినా తడబడింది. తట్టడం సరైన అంకెకు రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే వెంట్రుకవాసి పైకి లేస్తోంది, గుర్రం అది చూసి కాలు ఆపుతోంది. ఫుంగ్‌స్ట్ పుస్తకం 1907లో వచ్చింది. గుర్రానికి కూడికలు రావని తేలిన మాట నిజమే. మనిషి తనలో తాను గమనించని కదలికను అది చదవగలదని కూడా తేలింది. నాకు ఈ రెండోదే గొప్ప విద్యగా తోస్తుంది.

పశువునూ మనిషినీ పక్కపక్కన పెట్టి చూసే ఈ శాస్త్రాన్ని తులనాత్మక మనోవిజ్ఞానం అంటారు. చిన్న కారణంతో తేలే పనికి పెద్ద తెలివిని అంటగట్టకూడదని మనస్తత్వ శాస్త్రవేత్త లాయిడ్ మోర్గాన్ 1894లోనే చెప్పాడు. ఆయన కుక్క టోనీ గేటు గడియను తలతో ఎత్తి వీధిలోకి పోయేది. చూసినవాళ్లు ఎంత ఆలోచన అనుకునేవారు. మోర్గాన్ అది మొదటి నుంచీ చూశాడు. కమ్మీల సందుల్లో తల దూర్చి వీధిలోకి చూస్తుంటే ఒకసారి అనుకోకుండా తల తగిలి గడియ లేచింది. అలా తగులుతూ తగులుతూ కొన్ని వారాలకు పని పట్టుబడింది.

ఆదోని చుట్టుపక్కల పత్తి సాళ్లలో గుంటక లాగే ఎద్దు చెప్పకుండానే సాలు చివర తిరుగుతుంది. దానికి ఎలా వచ్చిందో ఆ రైతును అడగండి. కోడెను ముదురు ఎద్దు పక్కన కాడి కట్టిన రోజు, అది ఎటు గుంజింది, ఎన్నాళ్లకు అదలింపు అవసరం లేకపోయింది, అన్నీ చెబుతాడు. మోర్గాన్ కావాలన్నది సరిగ్గా ఈ మొదటి రోజు నుంచి చూసిన కన్నే.

అయితే చూసిన దాంట్లో మన భయాలూ కలుస్తాయి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర సంతలో ఎద్దు పళ్లు లెక్కపెట్టాక రైతు చేయి నుదుటి మీది సుడి దగ్గరికి పోతుంది. ఫలానా సుడి ఇంటికి కీడంటారు. అది మన సంగతి, ఎద్దును ఎంత చూసినా తేలదు. ఫలానా సుడి ఉంటే బెదురు ఎక్కువ అన్నారనుకోండి, అది పశువు సంగతి, పరీక్షించవచ్చు. అమెరికాలో పశువుల ప్రవర్తనను పరిశోధించే టెంపుల్ గ్రాండిన్ బృందం పరీక్షించింది కూడా. కళ్లకంటే పైన సుడి ఉన్న పశువులు కదలకుండా పట్టి ఉంచినప్పుడు ఎక్కువ కంగారు పడుతున్నాయని 1995లో ప్రచురించింది.

ఫుంగ్‌స్ట్ చేసిన మరో పని నాకు చాలా ఇష్టం. తానే గుర్రమయ్యాడు. ఎదుటివాళ్లను ఒక అంకె తలుచుకోమని, వాళ్లను గమనిస్తూ చేత్తో తట్టేవాడు. 25 మందిలో ఇద్దరు తప్ప అందరి తలా సరైన అంకె దగ్గర కదిలింది. ఎందుకు కదిలిందో వాళ్లకే తెలియదు.

గంగిరెద్దు ఆడించే ఆయన చేతిని చూసిన ఆరోజే మా వీధిలో ఒక అవ్వ చేటలో బియ్యం తెచ్చి, ఎవరూ అడిగించకుండా తనే అడిగింది. "నా మనవడు ఈసారన్నా పాసవుతాడా బసవన్నా?" ఆడించే ఆయన వంగి డోలు తాళ్లు బిగిస్తున్నాడు. ఎద్దు తల కదపలేదు. అవ్వను చూసింది, ఆయన వైపు మెడ తిప్పింది, మళ్లీ అవ్వను చూసింది. ఆయన లేచి తాడు అందుకున్నాక గంటలు మోగేలా ఊపింది.