నృత్యానికి బాణీ: ముద్రిత సంపుటాలలో పాఠనిర్ణయ సమస్య

ఇంగ్లండు, ఐర్లండు గ్రామాలలో కంట్రీ డాన్స్ అనే సామూహిక నృత్యానికి ఫిడేలు వాయించే కళాకారులు పాత బాణీల కోసం తరచుగా ముద్రిత సంపుటాలను ఆశ్రయిస్తారు. సంపుటం ఎంత పాతదైతే అందులోని బాణీ అంత ప్రామాణికమన్న భావన ఈ అన్వేషణ వెనుక ఉంటుంది. జానపద గేయాలకు మూలపాఠం వెతికే పరిశోధకులకు ఇది పరిచితమైన భావనే. నృత్య సంగీతం విషయంలో మాత్రం అది దారి తప్పిస్తుంది.

1651లో లండనులో జాన్ ప్లేఫర్డ్ ప్రకటించిన 'ది ఇంగ్లీష్ డాన్సింగ్ మాస్టర్'లో 105 నృత్యాలున్నాయి. ఒక్కొక్క నృత్యానికి పైన ఒకే వరుస స్వరాలు, కింద నర్తకుల కదలికలకు సూచనలు. ఎంత వేగంతో వాయించాలో, కమానును ఎక్కడ ఒత్తాలో పుస్తకం చెప్పదు. నాటి వాద్యకారునికి అది చేతిలోని విద్య. నేటి పాఠకుడు ఆ మౌనాన్నే శైలిగా భ్రమిస్తే దక్కేది అస్థిపంజరమే.

కార్క్ ప్రాంతంలో పుట్టి షికాగో పోలీసు అధిపతి అయిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1850 బాణీలతో ఒక సంపుటాన్ని, 1907లో 1001 బాణీలతో మరొక సంపుటాన్ని వెలువరించాడు. ఆయన వినిపించిన బాణీలను స్వరలిపిలో పెట్టినవాడు జేమ్స్ ఓనీల్. అచ్చుకు ముందే ఆ పాఠం రెండు చెవుల వడపోతకు లోనైందన్నమాట! ఈ రెండు సంపుటాలలో చిన్నదే మేలైనది. మొదటిదానిలో పాటల వరుసలూ, హార్పు విద్వాంసుడు కారొలన్ రచనలూ కూడా చేరాయి. రెండవది నృత్య సంగీతానికే పరిమితమై జిగ్, రీల్, హార్న్‌పైప్ వంటి భేదాలను బట్టి బాణీలను విభజించింది. ఎంపికకు ప్రయోజనమే ప్రమాణమైంది.

ఆ ప్రయోజనానికి ఛందస్సు వంటి నియమముంది. ఎనిమిదేసి బార్ల రెండు భాగాలు, ఒక్కొక్కటి రెండుసార్లు, మొత్తం 32 బార్లు: బాణీకి సాధారణ కొలత ఇది. దానికి కట్టిన నృత్యంలో జంటలు ఒక ఆవృత్తిని ముగించడానికీ అంతే కాలం. ఈ కొలత తప్పిన బాణీ ఎంత ప్రాచీనమైనా ఆ నృత్యం పాలిటికి గణభంగమైన పద్యం. కొలత కుదిరినంత మాత్రానా చాలదు. జిగ్ తిశ్రగతిలోనూ, రీల్ చతురశ్రగతిలోనూ సాగుతాయి. ఒకదాని చోట మరొకటి వాయిస్తే నర్తకుల నడకే మారిపోతుంది.

'రేక్స్ ఆఫ్ మాలో' చరిత్ర ఈ సమస్యను మరోవైపు నుంచి చూపుతుంది. కార్క్ ప్రాంతపు మాలో పట్టణం పేరు మోసే ఈ బాణీ 18వ శతాబ్ది మధ్యనాటికే అచ్చులోకి వచ్చింది. దక్షిణ భారతంలో ముత్తుస్వామి దీక్షితులు దీనికే 'వందే మీనాక్షి' అనే సంస్కృత సాహిత్యాన్ని కూర్చారు. శంకరాభరణ స్వరాలతో, గమకాల పనిలేకుండా సాగే ఇటువంటి రచనలకు నొట్టుస్వరాలని పేరు. 1905లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో ప్రకటించిన 'ప్రథమాభ్యాస పుస్తకము'లో నొట్టుస్వరాలకు చోటు దక్కింది. సంగీతం నేర్చే పిల్లలు నేడు వీటిని కూర్చుని పాడతారు. స్వరక్రమం గుర్తుపట్టగలిగేలా నిలిచింది, అడుగు తొలగిపోయింది. ప్రయోజనం మారింది కనుక దీనిని లోపమనలేము. అదే బాణీని తిరిగి నృత్యానికి వాయించదలచిన ఫిడేలు కళాకారుడు మాత్రం, పాఠాంతరాలలో ఏది ముందుదని తేల్చుకునే లోపలే, కమాను బలం ఏ స్వరం మీద పడితే నర్తకుని పాదం లేస్తుందో తేల్చుకోవలసి ఉంటుంది.