తెలుగు ఖనిజనామాలు – గుర్తింపు లక్షణాలు: యారాడ తీరం ఆధారంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగులో ఖనిజాల పేర్లు ప్రధానంగా రెండు వర్గాలు. గుర్తింపు లక్షణాన్ని సూచించే దేశీయ నామాలు ఒకటి. శాస్త్రవాచకాల్లోని సంస్కృత, అంతర్జాతీయ నామాలు మరొకటి. విశాఖపట్నంలోని యారాడ కొండ, తీరం ఆధారంగా ఈ రెండు వర్గాల సామర్థ్యాన్ని, పరిమితులను అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఖనిజం, శిల, పారిభాషిక పదం, గీటురాయి, జేగురు, గోమేధికం, యారాడ.

1. ఉపోద్ఘాతం:
'గీటురాయి', 'ఒరగల్లు' అనే మాటలు సాహిత్యవిమర్శలో ప్రమాణమనే అర్థంలో స్థిరపడ్డాయి. నల్లని రాతిపై బంగారాన్ని గీసి, గీత రంగును బట్టి వన్నె తేల్చే కంసాలి పరీక్ష వీటికి మూలం. ఖనిజశాస్త్రంలోనూ ఇటువంటి పరీక్ష ఉంది. మెరుగు పెట్టని పింగాణీ పలకపై ఖనిజాన్ని గీసి, పొడి రంగును పరిశీలిస్తారు. విమర్శకు ప్రమాణవాచకాన్ని అందించిన ఈ పరీక్షాదృష్టి ఖనిజాల తెలుగు పేర్లలో ఎంతవరకు నిలిచిందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. 'ఖనిజం' – వ్యుత్పత్తి, నిర్వచనం:
'ఖని నుండి పుట్టినది' అనే వ్యుత్పత్తి పదార్థం లభించే చోటును చెబుతుంది, స్వభావాన్ని చెప్పదు. శాస్త్రం ప్రకారం ఖనిజమంటే ప్రకృతిసిద్ధంగా ఏర్పడి, నిర్దిష్టమైన రసాయనిక కూర్పు, క్రమబద్ధమైన పరమాణు అమరిక గల ఘనపదార్థం. ఈ నిర్వచనంలో గని ప్రసక్తి లేదు. బొగ్గు గని నుండి వచ్చినా ఈ అర్థంలో ఖనిజం కాదు. యారాడ ఇసుకలోని ఎర్రని గార్నెట్ రేణువు ఏ గని నుండీ రాకపోయినా ఖనిజమే.

'రాయి' అనే మాటతో మరో చిక్కు ఉంది. అది శిలకూ ఖనిజానికీ సమానంగా వర్తిస్తుంది. యారాడ కొండలో ప్రధానమైన ఖొండలైట్ శిలకు 1902లో టి.ఎల్. వాకర్ ఖోండు తెగ పేరు మీదుగా ఆ పేరు పెట్టాడు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ వంటి ఖనిజాల కలయిక అది. ఇటువంటి శిలలు శిథిలమై, విడివడిన రేణువులు తీరం చేరుతాయి. అలలు తేలికైన క్వార్ట్జ్‌ను లాగివేయగా బరువైన ఖనిజాలు నల్లని, ఎర్రని చారలుగా మిగులుతాయి. కొండ వాక్యమైతే ఇసుక పదవిభాగం.

3. దేశీయ నామాల్లో పరీక్షాదృష్టి:
సూదంటురాయి అనే పేరులో అయస్కాంత పరీక్ష ఉంది. కాకిబంగారం అనే పేరు అభ్రకం మెరుపును చెబుతూనే ఆ మెరుపును నమ్మవద్దని హెచ్చరిస్తుంది. ముగ్గురాయి పొడి రంగును తెలుపుతుంది.

వీటిలో జేగురు ప్రత్యేకమైనది. యారాడ కొండకు ఉత్తరాన ఉన్న విశాఖ రేవుకు బైలాడిలా నుండి వచ్చే ఇనుప ఖనిజం హేమటైట్. దాని గడ్డ ఉక్కు బూడిద రంగులోనో నలుపులోనో ఉండవచ్చు. గీత మాత్రం ఎరుపు. నల్లని మాగ్నటైట్ గీత నలుపే. పైరంగు మోసగించే చోట పొడి రంగు నిజం చెబుతుంది. జేగురు మట్టి ఎరుపుకు కారణం హేమటైటే. ఆ మట్టి పేరు తెలుగులో రంగు పేరుగానూ స్థిరపడింది. అంటే ఖనిజశాస్త్రం నమ్మే లక్షణాన్నే వాడుకభాష పేరుగా నిలుపుకుంది.

4. పరిమితులు:
దేశీయ నామం పరీక్షను సూచించినా పదార్థాన్ని ఒక్కదానికే పరిమితం చేయలేదు. సాధారణంగా ముగ్గురాయి అంటే బెరైటీస్. అయితే తెల్లని పొడినిచ్చే రాళ్లు ఇంకా ఉన్నాయి. బెరైటీస్‌ను వేరుచేసేది బరువు: దాని సాపేక్ష సాంద్రత సుమారు 4.5, కాల్సైట్‌ది 2.7. ఆ సంగతి పేరులో లేదు.

సంస్కృతనామాలూ ఈ దోషానికి అతీతం కావు. నవరత్నాల్లోని గోమేధికం రత్నవ్యాపారంలో హెస్సొనైట్ అనే గార్నెట్‌కూ, జిర్కాన్‌కూ వాడుకలో ఉంది. విశాఖ తీరపు ఇసుకల్లో గార్నెట్, జిర్కాన్ రెండూ ఉన్నాయి. రెండింటి కూర్పు వేరు, స్ఫటిక నిర్మాణం వేరు.

ఈ అస్పష్టత పాఠ్యపుస్తకంతో ఆగదు. ఆ ఇసుకల్లో థోరియం గల మోనజైట్ ఉన్నట్లు ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన పరిశోధనలు 1940వ దశకంలోనే చూపాయి. మోనజైట్‌ను 1962 అణుశక్తి చట్టం పరిధిలోకి తెచ్చారు. 'నల్ల ఇసుక' అనే ఒక్క మాటలో ఇల్మనైట్, మాగ్నటైట్‌లతోపాటు ఇదీ కలిసిపోతే, తన ఊరి ఇసుక గురించి తెలుగులో చర్చించదలచిన పౌరునికి అవసరమైన మాటే లేకుండా పోతుంది.

5. ముగింపు:
మంచి పారిభాషిక పదానికి రెండు గుణాలు అవసరం: పదార్థాన్ని ఎలా గుర్తించాలో సూచించాలి, ఒకే పదార్థానికి పరిమితం కావాలి. మొదటి గుణం దేశీయ నామాల్లో, రెండవది అంతర్జాతీయ నామాల్లో అధికం. ఒకదాన్ని తొలగించి మరొకదాన్ని నిలపడం కన్నా, తెలుగు వాచకాలు రెండింటినీ పక్కపక్కనే ఇచ్చి, ప్రతి పేరుకూ గీత రంగు, కాఠిన్యం, సాంద్రత చేర్చడం సముచితం. 'ఖనిజం' అనే పదాన్ని మార్చనవసరం లేదు. పాఠాన్ని దాని వ్యుత్పత్తితో కాక నిర్వచనంతో ఆరంభించాలి. పారిభాషిక పదాలకూ గీటురాయి తప్పనిసరి.